పొట్టిదైపోయాక మాకివ్వండి

నరసరావుపేటలో పసిపిల్లల బట్టల కొట్టు నడిపే పుల్లారావుగారికి ఉన్నది ఒక్కటే జబ్బు. పసిపిల్ల కనిపిస్తే అందరూ మొహం చూస్తారు, ఆయన చొక్కా చూస్తారు. అంచు పట్టుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలుపుతారు. ఓ క్షణం కళ్ళు మూసుకుంటారు. తర్వాత ఆ తల్లితో, పొలం బేరం మాట్లాడుతున్నంత గంభీరంగా, "పొట్టిదైపోయాక ఇది మాకివ్వమ్మా, మా మనవరాలికి" అంటారు.

మీరు సరిగ్గానే చదివారు. బట్టల కొట్టు ఆయనదే. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పసిపిల్లల బట్టలే. అంత కొట్టు పెట్టుకున్న మనిషి సొంత మనవరాలికి ఊళ్ళో పిల్లలు విడిచిన చొక్కాలు అడుక్కొస్తారు. మిఠాయి కొట్టాయన పక్కింటికెళ్ళి లడ్డూ ముక్క అడిగితే ఎట్లా ఉంటుందో అట్లా ఉంటుంది చూసేవాళ్ళకి.

ఈ జబ్బుతో ఆయనకి ఏ ఇబ్బందీ లేదు, హాయిగా ఉన్నారు. బాధంతా కోడలు నీలిమది. గుంటూరులో పుట్టి పెరిగి, పేటలో బ్యాంకు ఉద్యోగం చేస్తూ, కాన్పుకని సెలవు పెట్టిన పిల్ల. సిగ్గు ఆమెకి పుట్టుకతోనే నలుగురికి సరిపడా వచ్చింది. హోటల్లో రెండోసారి చట్నీ అడగాలంటే భర్త భరత్ కాలు తొక్కి అతనిచేత అడిగిస్తుంది. అలాంటి దాన్ని ఏరికోరి పుల్లారావుగారింటి కోడల్ని చేశాడు దేవుడు. ఆయన సరదాలు ఆయనకుంటాయి.

పుట్టిన బిడ్డకి మొదట పాత బట్ట వెయ్యడం అందరిళ్ళలోనూ ఉన్నదే. పిల్లలు చల్లగా పెరిగిన ఇంటి నుంచి ఒక చొక్కా అడిగి తెచ్చుకోవడమూ ఉంది. పురిటి స్నానం అయ్యాక కొత్తవి కొంటారు, అక్కడితో అయిపోతుంది. పుల్లారావుగారికి మాత్రం అక్కడే మొదలవుతుంది. కొత్త బట్ట బట్టే కాదని ఆయన సిద్ధాంతం. నలుగురు పిల్లల ఒంటిమీద నలిగి, నలభై చాకిరేవులు చూసి, గంజి అనే మాట మర్చిపోయాకే అది పసిదాని ఒంటికి పనికొస్తుందంటారు. మరి కొట్టులో కొత్తవి ఎట్లా అమ్ముతున్నారని అడిగితే, "వాళ్ళు కొంటేనే గదా మనకి పాతవి దొరికేది" అనేవారు. దీనికి జవాబు చెప్పగలవాళ్ళు ఇంతవరకు కొట్టు మెట్లెక్కలేదు.

అమ్మడంలోనూ అదే వరస. ఎవరైనా తళుకుల గౌను చూపించమంటే చూపిస్తారు, కానీ చేతికివ్వరు. ఇది ఫొటోకమ్మా, ఫొటో తియ్యంగానే విప్పెయ్యాలి అంటారు. గౌను తిరగేసి లోపలి కుట్టు మీద వాళ్ళ చేతే చెయ్యి వేయించి, ఇది రోజంతా నీ చంకలో ఉంటే నువ్వేం చేస్తావని అడుగుతారు. రోజూ వేసేదానికి ముందువైపు తెరుచుకుని నాడాలతో కట్టుకునే ముడుల జుబ్బా కావాలి, తల మీద నుంచి దూర్చేది పనికిరాదు. బొత్తాం వద్దు, ఊడితే నోట్లో పెట్టుకుంటారు. పొట్ట మీద గీత పడే ఎలాస్టిక్ వద్దు. రంగు తేటగా ఉండాలి, చీమ పాకితే కనపడాలి. ఆ తల్లి గౌను మర్చిపోయి జుబ్బాలు పట్టుకుపోయేది. గౌన్లు మాత్రం ఏళ్ళ తరబడి అక్కడే వేలాడుతూ కొట్టుకి అందం ఇచ్చేవి.

కారంపూడిలో బంధువుల పెళ్ళికి వెళ్ళినప్పుడు నీలిమకి మొదటిసారి భూమి చీలితే బాగుండుననిపించింది. మగపెళ్ళివాళ్ళ తరఫున ఎవరో పెద్దింటావిడ పిల్లాణ్ణెత్తుకుని ముందు వరసలో కూర్చుంది. పుల్లారావుగారు అక్షింతలు చేతిలో పట్టుకుని వేదిక మీదికి పోతూ పోతూ ఆగారు. పిల్లవాడి చొక్కా నలిపారు. కళ్ళు మూశారు. మేళం ఆగినప్పుడే ఆయన మాట వినపడాలా, వినపడింది. "పొట్టిదైపోయాక ఇది మాకివ్వమ్మా." పక్కనున్న ఒకాయన, ఏం పుల్లారావూ, కొట్టు ఎత్తేశావా ఏంది అని అడిగాడు. ముందు వరసంతా నవ్వింది. నీలిమ వెనకనుంచి మామగారి చొక్కా లాగి, "మామయ్యా, మెల్లగా. నలుగురూ వింటున్నారు" అంది. వింటేనే గదమ్మా ఇచ్చేది అన్నారాయన, నాలుగు వరసలకీ వినపడేట్టు.

ఇంటికొచ్చి భర్తతో మొరపెట్టుకుంటే భరత్ పాత ఆల్బం తెచ్చి ముందు పెట్టాడు. "చూడు. ఇందులో ఒక్క ఫొటోలోనన్నా నా చొక్కా ఉందేమో చూడు" అన్నాడు. ఒక చొక్కా మీద ఇంకొకరి పేరు కుట్టి ఉంది. ఒకటి ఆడపిల్లది. అత్తగారు వరలక్ష్మి అటుగా పోతూ, పెళ్ళయిన కొత్తలో నేనూ నీలాగే ఏడ్చాలేమ్మా అని ఓదార్చింది. తర్వాత ఎట్లా ఆపారని నీలిమ ఆశగా అడిగింది. ఆయన్ని ఆపలేదట, ఏడవడం ఆపేసిందట.

మామగారి చేతిలో ఎప్పుడూ ఒక గుడ్డ సంచి ఉండేది. పొద్దున కొట్టుకి పోయేముందు ఏదో ఒక వీధి తిరిగొచ్చేవారు. వెళ్ళేటప్పుడు ఉబ్బుగా ఉండే సంచి వచ్చేటప్పుడూ ఉబ్బుగానే ఉండేది. అందులో టిఫిను పెట్టుకుని ఏ అరుగు మీదో కూర్చుని తింటారేమోనని, అదింకో పరువు తక్కువ పని అని నీలిమ బెంగ. అడగడానికి మాత్రం నోరు రాలేదు.

ఆ ఎండాకాలం పాపకి వేసిన చొక్కాల్లో ఒక దానికి మోచేతి దగ్గర పచ్చదారంతో చిరుగు కలిపి కుట్టి ఉంది. తెల్ల చొక్కాకి పచ్చదారం. ఆ మాటకొస్తే చేత్తో పట్టుకుంటే జారిపోయేంత మెత్తగా ఉంది. రోళ్ళు పగిలే ఎండల్లో పాప దాన్ని వేసుకున్న పూటే కుదురుగా నిద్రపోయేది. అది నీలిమ గమనించకపోలేదు. కానీ ఆమె కళ్ళకి ముందు పచ్చదారమే కనిపించేది.

సరిగ్గా ఆ చొక్కా వేసిన రోజునే బ్యాంకు నుంచి మేనేజరమ్మ, మిగతా స్టాఫ్ పాపని చూడటానికొచ్చారు. వలలాంటి గుడ్డ, మెడ చుట్టూ ముత్యాలు, నడుముకి పువ్వు ఉన్న గులాబీ గౌను తెచ్చారు. పుల్లారావుగారు దాన్ని నలిపి చూశారు. ఈసారి కళ్ళు మూయలేదు, కళ్ళు చిట్లించారు. చానా బాగుంది ఫొటోకి అన్నారు. అక్కడితో ఊరుకుంటే ఆయన పుల్లారావు ఎందుకవుతారు. మేనేజరమ్మ వైపు తిరిగి, మీ ఇంట్లో పిల్లలు విడిచిన చొక్కాలేమన్నా ఉంటే పంపమ్మా అని అడిగారు. మేనేజరమ్మ చూపు పాప మోచేతి మీది పచ్చదారం దగ్గర ఆగింది. పంపిస్తానండీ అని జాలిగా అంది. ఆ జాలికి నీలిమ ప్రాణం చచ్చిపోయింది. సెలవు అయిపోయాక అదే బ్యాంకుకి వెళ్ళి అదే మేనేజరమ్మ ముందు కూర్చోవాలి తను. జీతం తీసుకునే కోడలు, కొట్టున్న మామ, బిడ్డకి మాత్రం అతుకుల చొక్కా.

మర్నాడు ఆయన కొట్టుకి వెళ్ళగానే నీలిమ ఆ చొక్కా, దాంతోపాటు వచ్చిన మిగతావీ ఉతికి, ఇస్త్రీ చేసి కవర్లో పెట్టింది. ఎవరివో అత్తగారిని అడిగి తెలుసుకుంది. బస్టాండు వెనక వీధిలో జైనాబ్ బీ అని, ఆమె మనవడివి. మాకు లోటేమీ లేదని చూపించడానికి పాపకి గులాబీ గౌను తొడిగి ఆటో ఎక్కింది. ఏం చెప్పాలో దారంతా వల్లె వేసుకుంది. మా మామయ్యగారిది ఒక పిచ్చి అలవాటు, ఏమీ అనుకోకండి, మా కొట్టునిండా కొత్తవే ఉన్నాయి, ఇవి మాకు అవసరం లేదు. పాప దారంతా మెడ గోక్కుంటూ ఏడ్చింది.

జైనాబ్ బీ ఇంటి ముందే వాళ్ళ మెకానిక్ షెడ్డు. షట్టరు దించి ఉంది. కొడుకు తన్వీర్ చేతికి కట్టుతో వాకిట్లో కూర్చుని ఉన్నాడు. వసారాలో ఆమె, కోడలు యాస్మిన్ మిరపకాయల కుప్ప ముందు కూర్చుని కూలికి తొడిమలు తీస్తున్నారు. ఘాటుకి నీలిమ తుమ్మింది, పాప తుమ్మింది. ఫలానా పుల్లారావుగారి కోడల్నని చెప్పేసరికి జైనాబ్ బీ మొహం వెలిగిపోయింది.

"మా వాడి చొక్కాలు తొడుక్కునే పిల్ల ఇదేనా? చేతులకి కారం ఉంది, ఎత్తుకోలేను బేటీ, ఇటు తిప్పి చూపియ్యి." పక్కింటివాళ్ళని కూడా కేకేసి పిలిచింది. తన మనవడు పుట్టినకాడ నుంచి జ్వరమని పడుకోలేదని, అందుకే ఊళ్ళో ఇన్ని ఇళ్ళుండగా పుల్లారావు వెతుక్కుంటూ తమ ఇంటికొచ్చాడని వాళ్ళకి ఇంకోసారి చెప్పింది. వాళ్ళు ఈ మాట చాలాసార్లు విన్నట్టే తలూపారు.

నీలిమ వల్లె వేసుకున్న వరస తప్పింది, చివర అనాల్సిందే ముందు నాలుక మీదికొచ్చేసింది. "ఇవి తిరిగి ఇచ్చేద్దామని వచ్చాను పెద్దమ్మా" అని కవరు ముందుకి చాపింది.

జైనాబ్ బీ కవరు వైపు చూసింది. పక్కింటివాళ్ళ వైపు చూసింది. ఆమె గొంతు తగ్గింది. "ఏం బేటీ, మా వాడివి పాపకి అచ్చిరాలేదా?"

నీలిమ ఏమీ అనేలోపే ఆమె కోడలివైపు తిరిగింది. "యాస్మిన్, ఆ జుబ్బాలన్నీ తే. వాళ్ళవి వాళ్ళకిచ్చెయ్యాల."

నీలిమకి అర్థం కాలేదు. యాస్మిన్ లేచి ఉయ్యాల దగ్గరికెళ్ళింది. ఉయ్యాల్లో పిల్లవాడి ఒంటిమీద తెల్లటి ముడుల జుబ్బా. తీగ మీద అలాంటివే ఇంకొన్ని. అన్నీ తమ కొట్టువే. ఆ ముడులు, ఆ లోపలి కుట్టు నీలిమకి బాగా తెలుసు.

"పాత బట్ట ఊరికే తీసుకుంటే మీ పిల్లకి కీడంట గదా" అంది జైనాబ్ బీ. "కొత్తది పెట్టందే పాతది ముట్టనన్నాడు మీ మామ. మేం వద్దన్నాం. నా మనవరాలి కోసం అక్కా అని బతిమాలాడు. పసిపిల్ల మాట ఎత్తితే ఏం చేస్తాం, తీసుకున్నాం. ఊరికే ఒకళ్ళ దగ్గర చెయ్యి చాపే ఇల్లు కాదమ్మా ఇది."

అలాంటి ఆచారం ఏ ఊళ్ళోనూ లేదు. గుంటూరులో లేదు, పేటలో లేదు. అది పుల్లారావుగారు సొంతంగా కుట్టుకున్న ఆచారం. వెళ్ళేటప్పుడు సంచి ఎందుకు ఉబ్బుగా ఉండేదో నీలిమకి అప్పుడు తెలిసింది. పెద్దిళ్ళలోనూ పెళ్ళిళ్ళలోనూ నలుగురూ నవ్వేట్టు ఆయన ఎందుకు అడిగేవారో కూడా తెలిసింది. అందర్నీ అడిగే మనిషి తమనీ అడిగితే ఇలాంటి ఇళ్ళలో ఎవరూ దాన్ని దానమనుకోరు, తప్పు పట్టరు. ఆయన అన్నేళ్ళుగా పోగొట్టుకుంటున్న పరువుని తను ఒక్క కవరుతో అక్కరకు రాకుండా చెయ్యబోయింది. కారంపూడి పెళ్ళిలో పడ్డ సిగ్గు, మేనేజరమ్మ ముందు పడ్డ సిగ్గు అన్నీ కలిపినా ఇప్పటిదానికి చాలవు. యాస్మిన్ అప్పటికే పిల్లవాడి జుబ్బా ముడి విప్పుతోంది.

చట్నీ అడగలేని నీలిమ నోరు తెరిచింది.

"అచ్చిరాకేం పెద్దమ్మా. బాగా అచ్చొచ్చి పెరిగింది, ఇవి పొట్టివైపోయాయి." ఆమె గొంతు పక్కింటివాళ్ళకి కూడా వినపడింది. "ఇంకాస్త పెద్ద సైజువి ఉంటే ఇస్తారేమోనని వచ్చాను. మా పాపకి మీ వాడివే కావాలి."

జైనాబ్ బీ ఆమెని పైనుంచి కిందదాకా చూసింది. నమ్మిందో లేదో ఆమెకే తెలియాలి. ఆ మొహంలోకి వెలుగు మాత్రం తిరిగొచ్చింది. యాస్మిన్ ముడి మళ్ళీ వేసింది, లోపలికెళ్ళి ఉయ్యాల్లోవాడి అన్న చిన్నప్పటి చొక్కాలు తెచ్చింది. ఒక దానికి ఎర్రదారంతో కుట్టు ఉంది.

"ముందా గౌను విప్పమ్మా, పిల్ల మెడంతా కందిపోయింది" అని జైనాబ్ బీ కసిరింది. నీలిమ అక్కడే విప్పి ఎర్రదారం చొక్కా తొడిగింది. పాప ఏడుపు ఆపి మిరపకాయల వైపు ఆశగా చూసింది.

"బదులు పెట్టకుండా పట్టుకుపోకూడదు, మీ మామ చెప్పాడు" అని జైనాబ్ బీ గుర్తు చేసింది. నీలిమ చేతిలో ఉన్నది గులాబీ గౌను ఒక్కటే. మొహమాటపడుతూనే అది ముందుకి చాపింది. జైనాబ్ బీ కారం చెయ్యి అడ్డం పెట్టి, "అది మాకొద్దు తల్లీ, గుచ్చుకుంటంది. మీ మామ తెచ్చే మెత్తటిదే కావాల" అంది.

నీలిమ అక్కణ్ణించి తిన్నగా కొట్టుకెళ్ళింది. బేరాల వేళ, కొట్టు నిండా జనం. మామగారు ఎవరికో లోపలి కుట్టు తడిమి చూపిస్తున్నారు. ఆమె గుమ్మంలోంచే అడిగింది. "మామయ్యా, జైనాబ్ బీ పెద్దమ్మగారింటికి బదులు పెట్టాలి. మెత్తటి జుబ్బాలివ్వండి. పాత బట్ట ఊరికే తెచ్చుకుంటే పాపకి కీడంట."

పుల్లారావుగారి చెయ్యి కుట్టు మీదే ఆగిపోయింది. ఆయన పాప ఒంటిమీది ఎర్రదారం చూశారు, కోడలి మొహం చూశారు. మెడ దగ్గర మొదలైన ఎరుపు బట్టతల దాకా పాకింది. ఏ పెళ్ళిలోనూ సిగ్గుపడని మనిషి దొంగతనం బయటపడ్డట్టు బల్ల కిందికి వంగి, లేని జుబ్బా వెతకడం మొదలుపెట్టారు.

"మెల్లగా అనమ్మా" అని బల్ల కిందనుంచి గొణిగారు. "నలుగురూ వింటన్నారు."

నీలిమ మెల్లగా అనే స్థితి దాటిపోయింది. పక్కనే ఒకావిడ చంకలో పిల్లవాడితో నిలబడి ఉంది. వాడి చొక్కా అంచు బాగా మెత్తబడి కనిపించింది. నీలిమ రెండు వేళ్ళతో పట్టుకుని నలిపింది. ఓ క్షణం కళ్ళు మూసుకుంది.

"పొట్టిదైపోయాక ఇది మాకివ్వండి" అంది.