పూలు చల్లిన పూట

వాయుసేనలో హెలికాప్టర్ శిక్షకుడిగా పదవీ విరమణ చేశాక హెలికాప్టర్లు అద్దెకు తిప్పే ఒక ప్రైవేటు కంపెనీలో చేరాను. అక్కడ నా చివరి వేసవిలో తూంకుంట దగ్గర కొత్త ఇళ్ల ప్లాట్ల వెంచర్ ప్రారంభోత్సవానికి పై నుంచి పూలు చల్లే పని పడింది. అప్పటికి ఇలాంటి పనులతో విసిగిపోయి ఉన్నాను. ఆ రోజు నడిపింది కెప్టెన్ నస్రీన్. మేడ్చల్ పక్క పల్లెలో వ్యవసాయ కుటుంబం ఆమెది. నేను పక్క సీటులో పర్యవేక్షకుణ్ణి. వెనక సీట్లో వెంచర్ యజమాని సత్తయ్య, పూలబుట్టలతో ఆయన మనిషి ఒకడు.

మొదటిసారి చల్లిన పూలు గాలికి పక్క ప్లాట్లలో పడ్డాయి. "జెర గాలిల ఆపి కిందికి దించమ్మా, జనం మీద పడాలె" అన్నాడు సత్తయ్య. నస్రీన్ వేగం తగ్గించి మెల్లగా దించసాగింది. అంతలో గాలి మళ్లి వెనక నుంచి వీచింది. సీటు అదిరింది. ఎత్తు చూపే ముల్లు గబగబా వెనక్కి తిరగసాగింది.

రెక్కలు కిందికి నెట్టిన గాలిలోకే హెలికాప్టర్ నిటారుగా దిగితే, ఆ గాలి అంచుల చుట్టూ సుడి తిరిగి మళ్లీ పై నుంచి రెక్కల్లోకే వస్తుంది. దీన్ని వోర్టెక్స్ రింగ్ అంటాం. అప్పుడు పైకి లేపే లీవర్ ఎత్తితే సుడి ఇంకా బలపడుతుంది, ఇంకా పడిపోతాం. లీవర్ దించి, ముక్కు వంచి, ముందుకు పోయి ఆ గాలి నుంచి బయటపడాలి. ఎన్నో ఏళ్లు నేర్పిన పాఠమే. అయినా కింద జనం కనిపిస్తుంటే నా ఎడమ చెయ్యి లీవర్ ఎత్తాలనే చూసింది.

"లేపు, పైకి లేపు" అని సత్తయ్య అరిచాడు. నస్రీన్ లీవర్ దించి ముక్కు వంచింది. కింద జనం ఉన్న షామియానా దగ్గరైంది, మొహాలు కనిపించాయి. తర్వాత వేగం అందింది. అదురు ఆగింది. షామియానా దాటి ఖాళీ ప్లాట్ల మీదుగా పైకి లేచాం.

"ఏందమ్మా, లేపమంటే కిందికి తెస్తివి?"

"లేపితేనే పడుతుంటిమి అన్నా."

ఆయన బుట్టల వైపు చూశాడు. "ఇంక రెండు బుట్టలున్నయ్. ఇంకొక్కసారి ఆపు."

"పోతా పోతా చల్లుదాం. ఆపుడైతే లేదు."

"సార్, పెద్దోళ్లు, మీరన్న చెప్పున్రి" అని నా వైపు తిరిగాడు.

నడిపేది ఆమె, ఆమె చెప్పిందే జరుగుతుందని అన్నాను. మిగిలిన పూలు ప్లాట్లలోనే పడ్డాయి.

సాయంత్రం ఆయన ఆఫీసుకు ఫిర్యాదు చేశాడు. మర్నాడు అక్కడే మళ్లీ పూలు చల్లడానికి ఆమె బదులు నన్ను నడపమన్నారు ఆఫీసు వాళ్లు. నేనూ అక్కడ ఆపనని చెప్పాను. సత్తయ్య వేరే కంపెనీని పిలుచుకున్నాడని తర్వాత తెలిసింది. నస్రీన్‌ను కొన్ని వారాలు ఇలాంటి పనులకు పంపలేదు.

సుడిలోంచి బయటపడే పద్ధతి ఒక పూటలో నేర్పవచ్చు. బయటపడ్డాక, ఎవరు అడిగినా మళ్లీ అక్కడ ఆపకపోవడమూ ఆ పద్ధతిలో భాగమే. నా పాఠాల్లో నేనది చెప్పలేదు.