చుక్కలు మాత్రం మీ అత్తవే

బుధవారం. రాత్రంతా వాన, పొద్దున ముసురు. షట్టర్ కింద చేరిన బురద కడిగాను.

రోజూ లెక్కలు రాసుకునే నా పుస్తకంలో ఆ రోజు ఇంతవరకే ఉంది. బకెట్ చేతిలో ఉండగానే ఎదురింటి ముందు ఆటో ఆగింది. అందులోంచి మామను దింపారు. తెల్లవారుజామున గుండెలో నొప్పి వస్తే దవాఖానకు తీసుకుపోయారట, దారిలోనే పోయాడు. అత్త ఆటో దిగి నిలబడింది. ఆమె ఏడుపుకు శబ్దం లేదు. గొంతు ఆపరేషన్ అయి ఆమె మాట పోయి చాలా కాలమైంది.

మామ నాకు చుట్టం కాదు. కాశిబుగ్గలో నా సెల్‌ఫోన్ రిపేరు దుకాణానికి ఎదురిల్లు ఆయనది. నేల మీద పరుచుకునే జంపఖానాలు నేసేవాడు. మన గ్రంథాలయం పెట్టే ఈ గోడపత్రిక చదివేవాళ్లలో చాలామంది ఆయనను చూసే ఉంటారు. సాయంత్రం ఇదే గ్రంథాలయంలో పేపరంతా చదివి, చివరికి ఫోన్ల ప్రకటన దగ్గర ఆగి, "గిది కొత్తదా, పాతదాన్నే సాపు జేసిండ్రా?" అని పక్కవాళ్లను అడిగేది ఆయనే. పెద్ద ఫోన్ కంపెనీలు నిజంగా కొత్తది కనిపెడతాయా, ఉన్నదాన్నే నునుపు చేసి అమ్ముతాయా అన్నది మా ఇద్దరి మధ్య ఏళ్లుగా తెగని తగవు.

ఆయన గురించి రాయమని గ్రంథాలయం వాళ్లు అడిగారు. రాయాలంటే ఆయన ఫోన్ గురించి రాయాలి.

మూడో రోజు మధ్యాహ్నం ఆయన బిడ్డ ఆ ఫోన్ పట్టుకుని నా దుకాణానికి వచ్చింది. ఆమెను కేసముద్రంలో ఇచ్చారు.

"అన్నా, బాపు ఫోటో ఒక్కటన్న మంచిది లేదు. ఫ్రేమ్ కట్టిద్దామంటే దీంట్ల సూడాలె. లాక్ తీస్తవా?"

తెర మీద రాసి ఉన్నది మళ్లీ మళ్లీ చదివాను. ఇంకా రెండుసార్లు తప్పు గీస్తే ఫోన్‌లో ఉన్నదంతా చెరిగిపోతుందని రాసి ఉంది.

"ఎన్నిసార్లు గీసినవమ్మా?"

"నిన్నటి సంది గీస్తనే ఉన్న. నా పేరుల మొదటి అక్షరం గీసిన, బాపు పేరుది గీసిన, ఏది పడ్తలేదు. ఏమైందన్నా, గట్ల సూస్తానవ్?"

ఫోన్‌ను మెల్లగా గల్లా మీద పెట్టాను. దాన్ని ఇంకెవరూ ముట్టుకోవద్దన్నాను.

ఆ ఫోన్‌లో ఏముందో నాకు తెలుసు. కిందటేడు దాని ఛార్జింగ్ పిన్ను వదులైతే మామ నా దగ్గరికి తెచ్చాడు. నేను వెనుక మూత ఊడదీస్తుంటే నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"పైలంరా. దాంట్ల మీ అత్త ఉన్నది."

ఆమెకు మాట ఉన్న రోజుల్లో ఆయన పని రెండు వీధుల అవతల షెడ్డులో. మధ్యాహ్నం ఆమె ఇంటి నుంచి ఫోన్ చేసేది. ఆ పాత ఫోన్‌కు ఒక గుణం ఉంది, వచ్చిన ప్రతి కాల్‌ను దానంతట అదే రికార్డు చేసి దాచిపెడుతుంది. ఆ సంగతి మామకు తెలిసింది అత్తకు ఆపరేషన్ అయిపోయాకే. అప్పటి నుంచి మగ్గం దగ్గర చెవిలో వైరు పెట్టుకుని కూర్చునేవాడు. పాటలు వింటున్నాడని అందరూ అనుకునేవాళ్లు. అత్త కూడా అలాగే అనుకుంది.

మా తగవు గురించి కొంత చెప్పాలి. కొత్త మోడల్ వచ్చినప్పుడల్లా నేనే ఆయనను పిలిచి చూపించేవాడిని.

"మామా, దీనెన్క మూడు కెమెరాలు."

"నాకు కండ్లే రెండున్నయ్. మూడోది ఎవలికి?"

"చీకట్ల గూడ ఫోటో మంచిగొస్తది."

"వస్తే మంచిదే. కెమెరా కొత్తదా?"

"కాదు. ఉన్నదాన్నే మంచిగ జేసిండ్రు."

"గట్ల చెప్పు మరి. కొత్తదని డప్పెందుకు?"

నేను కంపెనీల పక్షం. గుప్పెడంత వస్తువులో ఇన్నింటిని ఇరికించడం వట్టి నునుపు పనేనా అని వాదించేవాడిని. ఆయన నవ్వి తన సంగతే చెప్పేవాడు. ఒకసారి ఆయన నేసిన జంపఖానాను షావుకారు కొత్త డిజైన్ అని ఊరూరా చెప్పుకున్నాడట. "నేను మార్చింది అంచు రంగొక్కటి. మగ్గం కనిపెట్టినోడు వేరే ఉన్నడు. వాని పేరు నీకు తెల్వదు, నాకు తెల్వదు." అంటూనే, ఆ అంచు కుదరడానికి ఎన్ని రోజులు నిద్రపోలేదో కూడా చెప్పేవాడు. "సాపు జేసుడు చిన్న పని గాదురా. గని దాని పేరు దానికి పెట్టాలె."

ఆయన ఎప్పుడూ అడిగే మాట ఒకటి ఉంది. "కొత్తగ పెట్టింది అందరు చెప్తరు. తీసింది ఎవడు చెప్తడు?" ఇయర్‌ఫోన్ రంధ్రం తీశారు, ఊడదీసే మూత తీశారు, రేడియో తీశారు అంటూ వేళ్లు ముడిచేవాడు. పాత వస్తువు మీద ముసలివాళ్ల ప్రేమ అనుకున్నాను. నా పోరు పడలేక ఒకసారి కొత్త ఫోన్ కొన్నాడు. రెండు రోజుల్లో తిరిగి తెచ్చాడు.

"దీంట్ల మాట రికార్డు జేద్దామంటే ఇద్దరికి ఇనవడేటట్టు అరిచి చెప్తాంది. నాకద్దు."

"అది మంచికేనాయె మామా. చెప్పకుంట రికార్డు జేసుడు తప్పు గదా."

"తప్పే కావచ్చు. ఆ తప్పు జేసిన ఫోనే నాకు మిగిలింది."

ఆ మాట అర్థం కావడానికి నాకు ఛార్జింగ్ పిన్ను వదులైన రోజు దాకా పట్టింది.

ఇవన్నీ ఆయన బిడ్డకు అలాగే చెప్పాను, ఒక్క మాట కూడా కలపకుండా. ఆమె అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయింది.

"అమ్మ గొంతా? అమ్మ గొంతు దీంట్ల ఉన్నదా?"

"ఇద్దరియి ఉన్నయ్. కాల్ గదా."

"మరి తియ్యన్నా. నీ పనే గదా ఇది."

లాక్ తీయడం నా పనే. కానీ నా దగ్గరున్న దారిలో తీస్తే లోపలున్నదంతా ఖాళీ అయి కొత్త ఫోన్‌లా తెరుచుకుంటుంది. మెమరీ కార్డు తీసి చూశాను, అందులో పాత పాటలే ఉన్నాయి. తెలిసిన మెకానిక్‌లందరికీ ఫోన్ చేశాను. గీత తెలిస్తేనే, లేకుంటే లేదు అన్నారు. పిన్ను బాగుచేసిన రోజే, పిల్లలెవరైనా ఒత్తి చెరిపేస్తారని లాక్ పెట్టమన్నది మామే. దొంగ ఎత్తుకుపోయి అత్త మాటలు వినొద్దని, తప్పు గీస్తే చెరిగిపోయే ఏర్పాటు చేయమన్నదీ ఆయనే. ఆ గట్టితనం చూసి అప్పుడు మెచ్చుకున్నాడు కూడా.

పిన్ను మళ్లీ వదులైంది. ఛార్జర్ వైరును రబ్బరు బ్యాండుతో కట్టి, ఫోన్‌ను కదలకుండా పెట్టాను.

బిడ్డ పోయి అత్తను తీసుకొచ్చింది. దారిలోనే చెప్పినట్టుంది. అత్త లోపలికి వచ్చి ఫోన్‌ను చూసింది, ముట్టుకోలేదు. నావైపు చూసి చెయ్యి తిప్పింది, ఎట్లా అని. ఆమె కళ్లు తప్పించుకోవడానికి వీధివైపు చూశాను.

ఎదురింటి వాకిలి బోసిగా ఉంది. చావింటి ముందు పదకొండు రోజులు ముగ్గు పెట్టరు. నేను దుకాణం తెరిచిన నాటి నుంచి ఆ వాకిలిని అలా చూడలేదు. చూస్తుండగా లాక్ పెట్టిన రోజు గుర్తుకొచ్చింది. తెర మీద తొమ్మిది చుక్కలు రాగానే మామ పెద్దగా నవ్వాడు.

"ఓర్ని! గీ చుక్కలు మీ అత్త పొద్దుగాల వాకిట్ల పెట్టేటియే గదరా. కంపెనోడు వాటిని తెచ్చి గాజు మీద పెట్టిండు. గాజుకు వేలు తెలుసుడు, గది కొత్త. దానికి దండం పెడ్త. చుక్కలు మాత్రం మీ అత్తవే."

తర్వాత నాకు వీపు తిప్పి గీత గీశాడు.

పండుగలకు పెద్ద ముగ్గు పెట్టినా, మామూలు రోజుల్లో అత్తది చిన్న ముగ్గు. మూడు వరుసలు, వరుసకు మూడు చుక్కలు, చెయ్యి ఎత్తకుండా ఒకటే గీత. ఇన్నేళ్లుగా పొద్దున్నే షట్టర్ ఎత్తి నేను మొదట చూసేది దాన్నే. కళ్లు మూసుకున్నా గీయగలను.

"నాకు తెలుసు," అన్నాను.

బిడ్డ నా చెయ్యి పట్టుకుంది. "పక్కాగనా అన్నా? రెండే ఉన్నయ్."

"పక్కాగనే."

గీశాను. ఫోన్ చిన్నగా అదిరింది. తప్పు. ఇంకొక్కసారి మాత్రమే అని ఎర్ర అక్షరాలు వచ్చాయి.

"అయ్యో, ఏం జేసినవన్నా!" అని బిడ్డ తల పట్టుకుంది. "పోనీయ్ ఇగ. ఆపుదాం. తియ్యరాకున్నా మంచిదే, లోపలన్న ఉంటది."

ఆ మాట నిజమే అనిపించింది. ఫోన్ పక్కకు పెట్టబోయాను. అప్పుడు అత్త నా భుజం తట్టింది. నేను గీసింది చూసి ఆమెకు విషయం అర్థమైంది. తల అడ్డంగా ఊపి, నన్ను భుజం పట్టుకుని వీధివైపు తిప్పింది. తన ఇంటి గడప చూపించింది, తనను చూపించుకుంది, తర్వాత నన్ను, నా దుకాణాన్ని.

ఆమెకు మోకాళ్ల నొప్పులు. గడప మెట్టు మీద కూర్చుని, వీధివైపు ముఖం పెట్టి ముగ్గు పెడుతుంది. మామ ఆమె వెనుక అరుగు మీద కూర్చుని చూసేవాడు. నేను చూసింది వీధి ఇవతలి నుంచి. ఇన్నేళ్లూ నేను చూసింది తలకిందుల ముగ్గు.

"నువ్వే గియ్యన్నా, అమ్మ వేలు పెడ్తె తెర గుర్తువట్టదు," అంది బిడ్డ. ఒకసారి తప్పిన వేలితో మళ్లీ ముట్టుకోనన్నాను. అత్త నా వైపు చెయ్యి చాపింది. ముందుగా నా దుకాణంలో ఉన్న వేరే ఫోన్ మీద చుక్కలు తెచ్చి ఇచ్చాను. జీవితమంతా రంగు నూలు తోడిన వేలు, చివర పగుళ్లు. గీత సగంలోనే తెగిపోయింది. రెండోసారీ తెగింది. అసలు ఫోన్ మీద అలా తెగితే అంతే సంగతులు.

అద్దం తుడిచాను. ఆమె వేలిని కొంగుతో తుడుచుకుని, నోటి దగ్గర పెట్టుకుని ఆవిరి ఊదింది. మూడోసారి గీత తెగలేదు.

అప్పుడు మామ ఫోన్ ఇమ్మని అత్త సైగ చేసింది. గల్లా మీద వద్దని తల ఊపింది. కింద నేల మీద పెట్టించుకుని ముందు కూర్చుంది. వైరు లాగకుండా నేను పట్టుకున్నాను. "అమ్మా, ముగ్గు పెట్టేటట్టే పెట్టు, దీన్ని చూడకు," అని బిడ్డ గొణిగింది. అత్త దాన్ని చూడలేదు. ఎదురుగా ఉన్న బోసి వాకిలినే చూస్తూ వేలు కదిపింది.

తెర తెరుచుకుంది.

నేను రికార్డుల్లో చివరిది వెతికి ఒత్తాను.

"ఏం జేస్తానవ్? మగ్గం కాడనే ఉన్నవా?" అత్త గొంతు. నేనూ మరిచిపోయిన గొంతు, కొంచెం గద్దింపుతో. "అన్నం సల్లారిపోతాంది. ఇయ్యాలన్న వస్తవా, ఆ జంపఖాన మీదనే పంటవా?"

మధ్యలో మగ్గం చప్పుడు. తర్వాత మామ.

"ఆఁ. వస్తాన."

అంతే, కాల్ అయిపోయింది. బిడ్డ ఏడుస్తూ, "సూడమ్మా, నీ గొంతు! ఎంత మంచిగున్నదో సూడు," అంది. అత్త తల ఊపలేదు. వేలు పైకెత్తి నాకు చూపించింది, మళ్లీ అని. వేశాను. తన మాటలు వస్తున్నంతసేపూ తొందరగా కానీయమన్నట్టు చెయ్యి ఆడించింది. మగ్గం చప్పుడు రాగానే ఆగమంది, ఫోన్‌ను చెవికి ఆనించుకుంది.

"ఆఁ. వస్తాన."

ఆయన ఇన్నేళ్లూ దాచుకున్నది ఆమె గొంతు. ఆమెకు కావలసింది ఈ రెండు మాటలు.

ఆ రోజే అన్నింటినీ ఇంకో రెండు చోట్లకు ఎక్కించి ఇచ్చాను. మా తగవు ఎవరు గెలిచారో నేను చెప్పలేను. గాజుకు వేలు తెలియకపోతే, ఆ ఫోన్ దాచకపోతే ఆ గొంతులు లేవు. చుక్కలు ఎక్కడివో మామ నవ్వుతూ చెప్పకపోతే అవి ఉన్నా లేనట్టే. కొత్త మోడల్ వచ్చినప్పుడు నాకు తెలియకుండానే ఎదురింటి వైపు చూస్తున్నాను. ఇందులోంచి ఏం తీశారో అడిగేవాళ్లు లేరు.

ఇది రాస్తుండగా తెల్లవారింది. నా పుస్తకంలో రాయాల్సిన ఇవాళ్టిది కూడా ఇక్కడే రాస్తాను.

ఆదివారం. వాన తెరిపి ఇచ్చింది, కొద్దిగా ఎండ. నిన్నటితో కర్మలన్నీ అయిపోయాయి. షట్టర్ ఎత్తాను, ఊడ్చాను. నీళ్లు చల్లుదామని బకెట్ పట్టుకుని బయటికి వస్తే, ఎదురుగా గడప మెట్టు మీద అత్త, చేతిలో ముగ్గు డబ్బా. ఇటు నుంచి చూస్తే తలకిందులుగా ఉంటుందని, వీధి దాటి పోయి, మామ కూర్చునే అరుగు పక్కన నిలబడ్డాను. ఆమె వెనక్కి తిరిగి చూసి, మొదటి చుక్క పెట్టి, గీత మొదలుపెట్టింది. బకెట్ ఇంకా నా చేతిలోనే ఉంది.