ఇరవై నాలుగు ఆకులకు సున్నం

నా చేతులారా నేను పాడుచేసిన వాటిలో మొదటిది ఒక సవారీ బండి, రెండోది ఒక పెట్టెడు పుస్తకాలు. రెండూ ఒకే రోజున, ఒకే మాట మీద పోయాయి. నవ్వుకోవడానికే ఇది రాస్తున్నాను, మీరు నవ్వండి. కానీ నేను పళ్లు కొరుక్కుంటూ రాస్తున్నానని తెలిసి నవ్వండి. ఆరేళ్లయినా నా కోపం చల్లారలేదు. ఇప్పటికీ సున్నపు కాయ కనిపిస్తే కాలితో అవతలికి నెట్టాలనిపిస్తుంది.

మాది రామచంద్రపురం దగ్గర చిన్న ఊరు. ఉమ్మడి కుటుంబం. ఇంట్లో మాట పెదనాన్నగారిది, మౌనం మిగతా అందరిదీ. ఆయనకు ముగ్గురు పిల్లలు, ఒక బండి ఉండేవి. ముద్దు మాత్రం బండి మీదే. పిల్లల పుట్టిన తిథులు దొడ్డమ్మను అడిగి తెలుసుకునేవారు గానీ బండి ఇంటికొచ్చిన తిథి అడక్కుండానే చెప్పేవారు. దాని చక్రాలకు చిలకపచ్చ రంగు వేయించారు. చక్రం నడిమి నుంచి అంచు దాకా పోయే కర్రలున్నాయి చూశారూ, వాటిని ఆకులంటారు. చక్రానికి పన్నెండు. ఒక్కో ఆకు మీదా సన్నటి ఎర్ర గీత. చుట్టుపక్కల ఊళ్లలో అలాంటి చక్రాలు లేవని ఆయన రోజుకొకసారి చెప్పేవారు, లేవని మేము రోజుకొకసారి ఒప్పుకునేవాళ్లం.

ఆ చక్రాలకు ఒక శత్రువుంది, కందెన. ఆముదంలో గడ్డి మసి కలిపి ఇరుసుకు పెడతారు. బండి నడిచే కొద్దీ అది బయటికి కారుతుంది. ఇనుమూ ఇనుమూ రాసుకుని రాలే రజను దానికి తోడవుతుంది, దారి దుమ్ము వచ్చి అంటుకుంటుంది. వారం తిరిగేసరికి చిలకపచ్చ ఆకులు దోసెల పెనం అడుగులా తయారవుతాయి. ఆ నలుపు చూసినప్పుడల్లా పెదనాన్నగారు తన మొహానికే ఎవరో మసి పూసినట్టు మండిపడేవారు.

ఇక నా సంగతి. నాకప్పుడు పద్నాలుగేళ్లు. ఇంటికి ఎవరైనా వస్తే తలుపు చాటుకు పోయేదాన్ని. ఎవరూ రాకపోతే అటక మీద కూర్చుని చదువుకునేదాన్ని. చదవడానికి మా ఇంట్లో ఉన్నవి రెండు పంచాంగాలూ, అట్ట ఊడిన ఒక పురాణమూను. అలాంటి రోజుల్లో రాజమండ్రి నుంచి మా పిన్ని ఉత్తరం రాసింది. బాబాయికి బరంపురం బదిలీ అయిందట. నాలుగేళ్ల మాసపత్రికలు పెట్టెడున్నాయి, అంత దూరం మోసుకుపోలేను, ఆదివారం లోపు అమ్మడు వచ్చి తీసుకెళితే సరే, లేకపోతే ఎవరికైనా ఇచ్చేస్తాను, అని. అమ్మడంటే నేనే. నాలుగేళ్ల కథలు, ఒక పెట్టెలో. ఆ రోజు నాకు అన్నం దిగలేదు.

సరిగ్గా ఆ శుక్రవారమే పెదనాన్నగారు రాజమండ్రి వెళుతున్నారు. ఆయన స్నేహితుడు ప్లీడరుగారు కాకినాడ నుంచి వచ్చి మా ఇంట్లో భోంచేసి, మా బండిలోనే కలిసి వెళ్లాలని ఏర్పాటు. బండిలో ఇంకొకరికి చోటుంది. నా తరఫున దొడ్డమ్మ అడిగింది. పెదనాన్నగారు కాసేపు మీసం దువ్వుకుని, బండి తోలే సత్తెయ్య చెయ్యి బెణికింది, చక్రాలు తోమేవాళ్లు లేరు, ప్లీడరుగారు వచ్చేసరికి అవి అద్దాల్లా ఉంటే చూద్దాం అన్నారు.

"ఆడపిల్ల బండి చక్రాలు తోమడమేంటండీ?" అంది దొడ్డమ్మ.

"రోజూ అంట్లు తోమడం లేదూ? ఇవీ గుండ్రంగానే ఉంటాయి" అన్నారాయన.

ఆ మాటకు నాకు కోపం రావాల్సింది. సంతోషం వచ్చింది. నా మీద నాకున్న ఫిర్యాదుల్లో అది మొదటిది.

శుక్రవారం పొద్దున్నే పెరట్లో బండి పాకకు వెళ్లాను. సత్తెయ్య చేతికి కట్టుతో పీట మీద కూర్చుని గురువులా చెప్పాడు, నేను శిష్యురాలిలా తోమాను.

"ముందే నీళ్లు పొయ్యకండమ్మాయిగారూ, జిడ్డు ఇంకా పాకుద్దండి. ఆకుల మీద తవుడు జల్లి రుద్దండి."

తవుడు కందెనను పీల్చుకుని నల్లటి ముద్దలుగా రాలింది. తరవాత కుంకుడు నురుగు, కొబ్బరి పీచు. ఆకులు చక్రంలో దిగే సందుల్లోకి వేలు పోదు, అక్కడ ఈనెల చీపురుతో పొడవడం. ఆకు కింద రుద్దండి, ఆకు వెనక చూడండి, ఆ ఆకు వదిలేశారు, అంటూ సత్తెయ్య ఆ పూట ఆకు అన్న మాట ఎన్నిసార్లు అన్నాడో! నా బుర్రలో ఆ మాటకు వేరే అర్థమే లేకుండా పోయింది. నా గోళ్లు నల్లబడ్డాయి, నడుము పట్టేసింది, చక్రాలు మాత్రం చిలకల్లా మెరిశాయి.

"ఇక పైన పల్చగా పూత పడాలండి. పూతుంటే రేపు నలుపు పట్టినా గుడ్డెట్టి తుడిస్తే పోద్ది. గానుగ కాడికెళ్లి మంచాముదం అట్టుకొత్తాను" అని సత్తెయ్య వెళ్లాడు. దేనికి ఆముదమో అతను మామూలుగానే చెప్పాడు. నేను మాత్రం పత్రికల పెట్టె మీద ధ్యాసతో పూత అన్న ఒక్క మాటే విన్నాను. నా మీద రెండో ఫిర్యాదు అది.

ఇక్కడొక సంగతి చెప్పాలి. రోజూ ఆ వేళకు నేను వెనక వసారాలో కూర్చుని పెదనాన్నగారికి తాంబూలం సిద్ధం చేస్తాను. వసారా పక్కనే బండి పాక. గదిలో కూర్చుంటే ఆయనకు కిటికీలోంచి ఏదీ కనిపించదు, మాట మాత్రం రెండు చోట్లకూ వినబడుతుంది. ఆయనకు తిరిగి చూసే అలవాటు లేదు. మా ఇంట్లో ఆడపిల్లలకు పనులు చెప్పేది గోడలే.

"అమ్మడూ, ఆకులు కడిగావా?" అంది గోడ.

"కడిగానండి."

"తుడిచావా?"

"తుడిచానండి."

"ఎన్నున్నాయి?"

తన చక్రాలకు ఎన్ని ఆకులున్నాయో ఆయనకు తెలియకపోవడమేంటని అనుమానం రావాలి కదా. నన్ను పరీక్షిస్తున్నారనుకున్నాను.

"ఇరవై నాలుగండి."

"చాలు. ఈనెలు తీసేసి, సున్నం రాసి ఉంచు."

ఈనెలు తీసెయ్యమంటే నాకు ఆశ్చర్యం వేసింది. చీపురు ఈనెలు నాలుగైదు విరిగి ఆకుల సందుల్లో ఇరుక్కుని ఉన్నాయి నిజంగానే. కిటికీలోంచి చూడకుండానే ఎలా కనిపెట్టారో! భక్తితో ఒక్కొక్కటే పీకేశాను.

"పల్చగా రాయి. కిందటిసారి దట్టంగా రాశావు, ప్లీడరుగారు రెండ్రోజులు బాధపడ్డారు" అన్నారు మళ్లీ.

ఎప్పుడు రాశాను? ప్లీడరుగారు ఎందుకు బాధపడ్డారు? దీనికి నేను చెయ్యాల్సింది ఒక్కటే, ఏ ఆకులండీ అని అడగడం. రెండే రెండు మాటలు. నోరు తెరిచాను, సిగ్గేసింది, మూసుకున్నాను. అడగడం చేతకానప్పుడు నా బుర్ర సమాధానాలు కల్పించుకుంటుంది. చదివిన బుర్ర కదా, ఎక్కువ కల్పిస్తుంది. చెట్ల మొదళ్లకు సున్నం వేస్తే చెద పట్టదు, అలాగే చక్రాలకూ పూత సున్నమే అయి ఉంటుంది. కిందటిసారి ఎవరో దట్టంగా వేస్తే దారిలో పొడి లేచి పాపం ప్లీడరుగారి కళ్లలో పడి ఉంటుంది. ఇంత తెలివిని చీపురు తిరగేసి కొట్టాలి.

పాక మూల గోడలకు వేసే సున్నం కుండ ఉంది. నీళ్లు కలిపి, పీచు కుచ్చు చేసి, ఇరవై నాలుగు ఆకులకూ పల్చగా, శ్రద్ధగా పూశాను. ఎర్ర గీత మీద ఒకటికి రెండుసార్లు పూశాను, అది ఆయనకు ఇష్టమని.

సత్తెయ్య ఆముదం చెంబుతో వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు.

"ఇదేంటమ్మాయిగారూ?"

"పెదనాన్నగారే రాయమన్నారు."

అతను చక్రాల వంక చూశాడు, చెంబు వంక చూశాడు. "అయ్యగారు సెప్పారంటే సరేనండి" అని చెంబు కింద పెట్టాడు. అడగడం మా ఇంట్లో నా ఒక్కదానికే చేతకానిది కాదు, చూశారా.

ఈలోగా ప్లీడరుగారు వచ్చారు, భోజనాలయ్యాయి, ఇద్దరూ వీధి అరుగు మీద కూర్చున్నారు. వీధి వైపు నుంచి పెదనాన్నగారి గొంతు మళ్లీ గోడలు దాటి వచ్చింది. "అమ్మడూ, ఆకులు పట్టుకురా. ప్లీడరుగారు అడుగుతున్నారు."

ఆకులొక్కటే ఎలా పట్టుకెళతాం? సత్తెయ్యను బండి కట్టమన్నాను. ఒంటి చేత్తో తంటాలుపడి ఎడ్లను కట్టాడు. పెరటి దారి చుట్టి బండి వీధిలోకి వచ్చి అరుగు ముందు ఆగింది. నేను తలుపు చాటున నిలబడ్డాను, మెచ్చుకోళ్లు వినడానికి.

తొంగి చూశాను. పెదనాన్నగారు సగం లేచి సగంలోనే ఉండిపోయారు. ఎండకు సున్నం ఆరి పెళుసెక్కి, కుదుపులకు పెచ్చులుగా రాలుతోంది. దాంతోపాటు చిలకపచ్చ రంగూ రాలుతోంది. సున్నం రంగును తినేస్తుందని ఏ పురాణంలోనూ రాయలేదు. ఎర్ర గీతలు సున్నంలో కలిసి గులాబీ రంగు చారలుగా కారాయి.

"ఏంటిది?" అన్నారు పెదనాన్నగారు, ఎవరినీ చూడకుండా.

ప్లీడరుగారు చక్రాలను ఒకసారి, ఖాళీ తాంబూలం పళ్లేన్ని ఒకసారి చూశారు. ఆయనకు ముందు అర్థమైంది. "ఏమండీ, నేను రెండాకులే అడిగాను. ఇన్ని నమలలేను" అన్నారు.

వీధిలో ఆగినవాళ్లంతా నవ్వారు. పెదనాన్నగారు నవ్వలేదు. నా చదువును తిట్టారు, నన్ను చదవనిచ్చినందుకు మా నాన్నగారిని తిట్టారు, అక్షరం ముక్క రాని సత్తెయ్యనూ చదువుకున్నావా అని తిట్టారు. తెల్ల చక్రాల మీద రాజమండ్రి వెళితే గుమ్మడికాయకు విబూది పెట్టి ఊరేగించినట్టుంటుంది, కాలవ పడవలో వెళతాను అన్నారు.

అప్పుడు నేను నా జీవితంలో మొదటిసారి తలుపు చాటు నుంచి బయటికి వచ్చాను. కోపం ముందుకు తోసింది.

"ఏ ఆకులో మీరు చెప్పలేదండి" అన్నాను.

ప్లీడరుగారు చప్పున కూర్చున్న చోటే నిటారయ్యారు. "అమ్మాయి మాట సబబుగా ఉందండీ. ఉత్తర్వులో స్పష్టత లేదు. పడవలో తననూ తీసుకొద్దాం" అన్నారు.

"పడవకి చక్రాల్లేవు. దానితో పనేముంది?" అన్నారు పెదనాన్నగారు.

ప్లీడరుగారు నా వైపు చూసి, పెద్ద కోర్టుల్లో గెలిచాను గానీ నా వాదన ఈ గుమ్మంలో చెల్లదమ్మా అన్నట్టు చేతులు విప్పారు. పడవ వెళ్లిపోయింది. ఆదివారమూ వెళ్లిపోయింది. నేను ఆ రెండు రోజులూ చక్రాల మీద మిగిలిన సున్నం గోకుతూ కూర్చున్నాను. ఒక్కో పెచ్చు ఊడినప్పుడల్లా ఒక్కో కథ పోయినట్టే ఉండేది.

సోమవారం పెదనాన్నగారు తిరిగి వచ్చారు. పిన్ని పెట్టె సంగతి దొడ్డమ్మ అడిగింది.

"అమ్మడు రాలేదని సందు చివర ఆకుల కొట్టువాడికి ఇచ్చేసిందట. పొట్లాలకు పనికొస్తాయని" అని, ఆయన సంచిలోంచి ఒక పొట్లం తీసి నా ఒళ్లో పడేశారు. "ఇంద, మంచి తమలపాకులు, ఆ కొట్టులోవే. ఈసారి వీటికి రాయి సున్నం."

పొట్లం విప్పాను. చుట్టిన కాగితం మీద ఒక కథ మొదటి పుట ఉంది. ఒక పడుచు పిల్ల ఇంట్లో ఎవరికీ చెప్పకుండా పడవెక్కడానికి రేవులోకి దిగుతుంది. అక్కడితో కాగితం అయిపోయింది. ఆకుల తడికి చివరి రెండు వరుసలు చెరిగిపోయాయి. ఆ పిల్ల పడవెక్కిందో లేదో ఆరేళ్లుగా నాకు తెలియదు. ఆ మిగతా పుటలకు ఎవరెవరు సున్నం తుడుచుకుని పారేశారో!

ఆ కాగితం ఈ దినచర్య పుస్తకంలోనే ఇంకో ఆకుగా దాచుకున్నాను. దాని మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నాతో ఆకులు అన్నది ఎవరైనా సరే, పెదనాన్నగారైనా, రేపు మా అత్తవారైనా, దొరగారైనా, ముందు ఒక ప్రశ్నకు జవాబు చెప్పి తీరాలి. తినే ఆకులా, తిరిగే ఆకులా, చదివే ఆకులా? అలా అడిగితే పెద్దలకు కోపమొస్తుందంటారు. రానివ్వండి. నాకు వచ్చినంత రాదు.