పదకొండు గంటల దొంగ

మా మామయ్యకు రోజూ పదకొండింటికి దొంగైపోయే అలవాటు ఉంది. అంతవరకూ మర్యాదగా గడియారాలు బాగుచేసుకునే మనిషి, పదకొండు కాగానే కంటికి తగిలించుకున్న భూతద్దం తీసి, చేతులు తుడుచుకుని, నోటికి జేబురుమాలు అడ్డం పెట్టుకుని, చుట్టాల్లో ఎవరో ఒకరికి ఫోన్ చేసి మోసం చెయ్యబోతాడు.

"హలో, బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం. మీ కార్డు ఆగిపోయింది. ఇప్పుడు మీకొక ఓటీపీ వస్తుంది, కాస్త చదివి పెట్టండి."

ఆ అంకెలు పంపే పని నాది. అవతలివాళ్లు చదివారో, అయిపోయారే. జేబురుమాలు పక్కకు పోయి అసలు గొంతు బయటికొస్తుంది. "ఇంటి తాళంచెవి దారినపోయేవాడి చేతిలో పెడతావా? మరి ఆ ఆరంకెలు ఎందుకు చదివావు?"

మా కొట్టు ఒకటే గది. కిటికీవైపు సగంలో ఆయన గడియారాలు, తలుపువైపు సగంలో నా ఫోన్లు. నాకీ పని ఎవరూ నేర్పలేదు. పాడైన ఫోన్లు విప్పి, ఇంకాస్త పాడుచేసి నేర్చుకున్నాను. అందుకే పనితనం ఎక్కడ కనిపించినా నాకు గౌరవం. గడియారాల దగ్గర మామయ్య చేతికి తిరుగులేదు. దొంగతనంలో మాత్రం అంత చేతకానివాణ్ణి నేనెక్కడా చూడలేదు.

ఆయన్ని పట్టించేది వెనకున్న గోడే. రిపేరుకొచ్చిన గోడగడియారాలు ఇరవై దాకా వేలాడుతుంటాయి. ఏ రెండింటికీ పొత్తు కుదరదు. ఆయన "హెడ్డాఫీసు నుంచి" అనగానే ఒకటి తొమ్మిది కొడుతుంది, దాన్ని చూసి ఇంకొకటి మూడు కొడుతుంది.

"ఏరా తమ్ముడూ, మీ బ్యాంకులో ఇన్ని గంటలేమిట్రా?" అంది ఒకసారి మా అమ్మ.

"తమ్ముణ్ణి కాదండీ, మేనేజర్ని. నాకు గడియారాలంటే ఇష్టమండీ."

"అయితే మేనేజరుగారూ, సాయంత్రం వచ్చి మా ఇంట్లో ఆగిపోయిన గడియారం పట్టుకెళ్లండి."

నన్నూ వదల్లేదు. ఒకరోజు పక్కనే కూర్చుని, తెలియని నంబరు నుంచి 'మీ పార్సిలు ఆగిపోయింది, ఇక్కడ నొక్కండి' అని మెసేజి పెట్టాడు. ఫోన్ల స్క్రీన్ల పార్సిలు కోసం కాచుక్కూచున్నవాణ్ణి, నొక్కేశాను. చూపుడువేలు ఆడిస్తున్న మామయ్య ఫొటో తెరుచుకుంది.

"ఫోన్ల డాక్టరుగారు నొక్కారండోయ్!" అని వీధి చివరిదాకా వినిపించేలా కేకేశాడు. ఆ వారమంతా గడియారాలన్నిటికీ కీ ఇవ్వడం నాకు శిక్ష.

ఈ దొంగకాల్స్ పిచ్చి మొదలైంది పిన్నితో. పిన్ని అంటే మామయ్య చెల్లెలు. బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. బాబాయి పోయాక ఒక్కతే ఉంటోంది. ఏడాది కిందట ఎవడో ఫోన్ చేసి, మీ పేరున ఉత్తరం వచ్చింది, అంకెలు చెప్తేనే ఇస్తాం అంటే, పాపం, చదివేసింది. అంతే, ఆవిడ మెసేజీల ఖాతా వాడి చేతికి పోయింది. ఆవిడ పేరుతో, ఆవిడ ఫొటోతో, చుట్టాలకీ బడి టీచర్లకీ అందరికీ 'ఆపదలో ఉన్నాను, ఆదుకోండి' అని రాశాడు.

నేను రెండు రోజులు తంటాలు పడి ఖాతా వెనక్కి రప్పించాను. దానికి రెండో తాళంగా పిన్ నంబరొకటి పెట్టాను. ఖాతా తిరిగొచ్చింది గానీ పిన్ని రాలేదు. సిగ్గుతో ముడుచుకుపోయింది. ఫోన్ మోగితే ఎత్తుతుంది, "బాగానే ఉన్నాను" అంటుంది, పెట్టేస్తుంది. తనంతట తాను ఎవరికీ చెయ్యడం మానేసింది.

అప్పుడు మామయ్య నా దగ్గరున్న ఒక పాత ఫోన్ తీసుకుని, మొదటి దొంగకాల్ ఆవిడకే చేశాడు. ఆవిడ, "ఉండండి సార్, కళ్లజోడు తెచ్చుకుంటాను" అంది. మామయ్య నెత్తి కొట్టుకున్నాడు. అందర్నీ తిట్టేవాడు ఆవిణ్ణి మాత్రం తిట్టలేదు.

"అలా చెప్పెయ్యకూడదమ్మా. రేపు మళ్లీ చేస్తాను, అప్పుడు చెప్పకండేం" అన్నాడు.

ఏ దొంగైనా అలా అంటాడా?

నెల తిరిగేసరికి పిన్ని ఆరితేరిపోయింది.

"మీరు పెట్టేయండి. కార్డు వెనక నంబరుంది, నేనే దానికి చేసి కనుక్కుంటాను."

"అంత టైము లేదు మేడమ్! పది నిమిషాల్లో మీ ఖాతా మూసేస్తాం!"

"తొందరపెట్టేవాడే దొంగ అని మా అన్నయ్య చెప్పాడు."

"మీ అన్నయ్యగారు చాలా తెలివైనవారిలా ఉన్నారే!"

"ఏం తెలివిలెండి. చిన్నప్పుడు నా బలపాలన్నీ తినేసేవాడు."

"అబద్ధం! ఒక్కటే తిన్నాను..." అని మామయ్య నాలిక్కరుచుకున్నాడు. ఇక అక్కణ్ణుంచి బలపాల లెక్క మీద ముప్పావుగంట పోట్లాట.

పోయిన బుధవారం, పదకొండు ఇంకా కాలేదు, పిన్ని యూనిఫారాల సంచితో కొట్లోకి వచ్చింది.

"అన్నయ్యా, ఇవాళ అదరగొట్టేశావు! నంబరు కొత్తది, గొంతు కొత్తది. ఒక్క గంటయినా కొట్టలేదు!"

మామయ్య చేతిలోని పటకారు ఆగిపోయింది. "ఇవాళ నేనింకా చెయ్యలేదే."

పిన్ని సంచి కింద పెట్టింది.

"అంకెలు చెప్పావా?" మామయ్య కుర్చీలోంచి లేచాడు.

"ఎందుకు చెప్తాను? పెట్టేయ్, నేనే కనుక్కుంటానన్నాను. వాడు మండిపడ్డాడు. అబ్బ, అన్నయ్య ఎంత బాగా చేస్తున్నాడో అని మెచ్చుకున్నాను కూడాను."

నేను ఆవిడ ఫోనంతా వెతికి చూశాను. అన్నీ భద్రంగా ఉన్నాయి. ఆ నంబరు మీద ఫిర్యాదు పెట్టించి, మళ్లీ రాకుండా ఆపేశాను. మామయ్య గ్లాసుడు మంచినీళ్లు తాగి, కాసేపటికి మెల్లగా అడిగాడు.

"అంటే, వాడు నాకంటే బాగా చేశాడంటావా?"

"చాలా. నువ్వింకా నేర్చుకోవాలి" అనేసి పిన్ని వెళ్లిపోయింది.

"పిన్ని గట్టిపడింది. ఇక ఈ దొంగతనం మానెయ్యొచ్చుగా మామయ్యా?" అన్నాను.

"అది మొదటి నెల్లోనే గట్టిపడిందిరా."

"మరి ఇన్నాళ్ల నుంచి ఎందుకు చేస్తున్నట్టు?"

ఆయన భూతద్దం తగిలించుకుని గడియారంలోకి చూస్తూ అన్నాడు. "ఎలా ఉన్నావని అడిగితే ఒక్కముక్క చెప్పి ఫోన్ పెట్టేస్తుంది. దొంగనంటే ముప్పావుగంట పోట్లాడుతుంది. మధ్యలో నవ్వుతుంది కూడా."

"సరే, మరి మా అందరికీ ఎందుకు చేశావు?"

"దానొక్కదానికే చేస్తే, తెలివితక్కువదని దాన్ని వేలెత్తి చూపినట్టుండదూ?"

మర్నాడు పదకొండింటికి జేబురుమాలు తీశాడు. నంబరు నొక్కేలోపే ఆయన సొంత ఫోన్ మోగింది. తెర మీద 'చెల్లి' అని కనిపించింది. ఏడాదిగా ఎవరికీ తనంతట తాను ఫోన్ చెయ్యని మనిషి. మామయ్య స్పీకరు నొక్కాడు.

"హలో," అంది బొంగురు గొంతు ఒకటి. వెనక కుట్టుమిషను టకటకలాడుతోంది. "కరెంటాఫీసు నుంచి మాట్లాడుతున్నాం. సాయంత్రానికల్లా మీ కొట్టుకి కరెంటు తీసేస్తున్నాం!"

గడియారం పట్టుకెళ్లడానికి వచ్చిన పెద్దాయన్ని రేపు రమ్మని మామయ్య సైగ చేశాడు. కుర్చీ దగ్గరికి లాక్కుని, బుద్ధిగా కూర్చుని, ఫోన్‌ని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"అయ్యో, అలాగా సార్! నేను వట్టి అమాయకుణ్ణి. మొదటి నుంచి నెమ్మదిగా చెప్పండి. నాకు ఈ పూట వేరే పనేం లేదు."