అక్క నడుములో చప్పుడు

కరెంటు పోయింది. వీధిలో మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో... మా అక్క నడుములోంచి వినిపించింది.

టిక్... టిక్... టిక్...

నమ్మకపోతే పోనివ్వండి. పేపర్లో చాలా ఏళ్లు పనిచేశాను. ఒకరు చెప్పింది ఇంకొకరిని అడగనిదే అక్షరం రాసేవాణ్ని కాదు. దీనికి మాత్రం సాక్ష్యం నా చెవులు, మా బావ చెవులు. అంతే. కానీ జరిగింది.

సిరిసిల్లలో మా లక్ష్మక్క వాళ్లది నేతపని ఇల్లు. ముందు గదిలో మరమగ్గాలు. అక్కడ వాటిని సాంచాలంటారు. పగలూ రాత్రీ ఆడుతూనే ఉంటాయి. ఆ రొదలో బతికేవాళ్లకు రొద వినపడదు. ఆగితే మెలకువ వస్తుంది.

ఏళ్ల తరబడి కూర్చుని మగ్గానికి నూలు కండెలు చుట్టి అక్క నడుము పోయింది. కరీంనగర్‌లో ఒక మందుల షాపు పైన ఎవరో డాక్టర్ కొత్త వైద్యం చేస్తున్నాడని బావ నర్సయ్య విన్నాడు. పుట్టిన పిల్లల బొడ్డుతాడులోంచి తీసిన కణాలట. వెన్నులోకి సూదితో ఎక్కిస్తే అరిగిపోయిన చోట కొత్త కండ మొలుస్తుందట. "పసిపిల్లలవి గదమ్మా, మీ ఒళ్లు వీటిని పరాయివి అనుకోదు" అన్నాడట. అక్క వేయించుకుంది. కొన్నాళ్లు నొప్పి తగ్గింది. తర్వాత సూది వేసిన చోట నిమ్మకాయంత గడ్డ లేచింది. కుడికాలు తిమ్మిరెక్కసాగింది. కరీంనగర్ వెళ్లి చూస్తే, డాక్టర్ గదికి తాళం.

తెల్లారితే అక్కను హైదరాబాద్ పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. అందుకే ఆ రాత్రి వాళ్లింట్లో పడుకున్నాను.

"గదేం చప్పుడు అక్కా?"

"సాంచా గదరా తమ్మీ."

"కరెంటు పోయింది. సాంచాలు బందైనయ్."

అక్క తల ఎత్తి చెవి ఒగ్గింది.

"గట్లనా... రెండు నెలల సంది ఇంటున్న. సాంచాదే అనుకున్నరా..."

బావ ఫోన్ లైటు వేసుకుని వచ్చాడు. "మా బామ్మర్ది పేపరోడు గదా. నా పెండ్లాం నడుముల గూడ వార్తలు ఇనవడ్తయ్ ఈనకు" అని నవ్వాడు. తర్వాత తనకూ వినిపించింది. నవ్వు సగంలో ఆగింది.

అక్కను బోర్లా పడుకోబెట్టాం. గడ్డ నడినెత్తిన గుండుసూది మొనంత రంధ్రం. అందులోంచి చీమిడిలా ఏదో ఊరుతోంది. వాసన... చెడిపోయిన ముర్రుపాల వాసన. ఇప్పటికీ ఎవరైనా జున్ను పెడితే గిన్నె పక్కకు నెట్టేస్తాను.

"పోగు అంటుకున్నట్టుంది చూడు" అన్నాడు బావ. నిజమే, గడ్డ మీద దారం లాంటిది. నేతగాడి చెయ్యి ఊరుకోదు కదా. రెండు వేళ్లతో పట్టి లాగాడు.

వచ్చింది. ఇంకా వచ్చింది. ఇంకా...

"అబ్బా! లోపటికెల్లి గుంజినట్టైతుందయ్యా" అంది అక్క.

జానెడు వచ్చాక తెగింది. బావ దాన్ని వేళ్ల మధ్య నలిపాడు. ముఖం మారిపోయింది.

"ఇది పోగు గాదు బామ్మర్ది."

విసిరేశాడు. చెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు. మళ్లీ తుడుచుకున్నాడు. అది వెంట్రుక. సన్నగా, మెత్తగా, పసిపిల్లల తల మీద ఉండే ఎర్రటి వెంట్రుక. మా అక్క తల ఎప్పుడో నెరిసింది.

నేను గడ్డ మీద వేలు పెట్టాను. వేడిగా ఉంది. చర్మం కింద బియ్యపుగింజంత గట్టిది ఏదో తగిలింది. నొక్కాను... పక్కకు జరిగింది. అటునుంచి నొక్కాను... ఇటు జరిగింది. వేలు తీసేశాను.

టిక్... టిక్...

ఊపిరికి కదిలి చప్పుడవుతోందేమో అనిపించింది. "జర ఊపిరి బిగవట్టు అక్కా" అన్నాను.

బిగపట్టింది. వీపు కదలడం ఆగింది. లైటు వెలుగులో చూస్తూనే ఉన్నాను. ఎక్కడా కదలిక లేదు.

టిక్... టిక్... టిక్ టిక్ టిక్ టిక్...

ఆగలేదు. వేగం పెరిగింది.

"ఇడువు! ఊపిరి ఇడువే!" అని అరిచాడు బావ.

అక్క ఊపిరి వదిలింది. చప్పుడు టక్కున ఆగింది... మేం వింటున్నామని దానికి తెలిసినట్టు.

కరెంటు వచ్చింది. సాంచాలు మొదలయ్యాయి. బావ బయటికి పరుగెత్తి మోరీ కాలువ దగ్గర వాంతి చేసుకున్నాడు.

"ఏమున్నదిరా లోపట? నేను నడుస్తనా, మంచానికే పడ్తనా? నిజం చెప్పు" అంది అక్క, తల తిప్పకుండానే.

"తీసేస్తరు అక్కా. నడుస్తవ్" అన్నాను. నాకేం తెలుసని?

హైదరాబాద్‌లో తీశారు. స్టీలు పళ్లెంలో పెట్టి చూపించారు. ఎముక పలుకులు, వెంట్రుకల ఉండ, వాటి చుట్టూ పచ్చటి జిగురు. చూడలేక బయటికొచ్చాను. కానీ ఆ ముద్ద కంటే, ఎక్కడిదో, ఎలా నిల్వ చేశారో తెలియని దాన్ని మనిషి వెన్నులోకి ఎక్కించి, పసిపిల్లల పేరు చెప్పి అమ్మినవాడి మీద నాకు ఎక్కువ రోత పుట్టింది.

ఊపిరి తీసినప్పుడు ఎముక పలుకులు రాసుకుని చప్పుడు వచ్చి ఉంటుందన్నాడు సర్జన్. ఊపిరి బిగపట్టినా ఆగలేదని చెప్పాను. "కండరం అదిరిందేమో" అన్నాడు. నా కళ్లలోకి చూడలేదు.

పరీక్షకు పంపారు. ఆ ముద్ద అక్క శరీరానిది కాదని తేలింది. పరాయి కణాలను ఒళ్లు బతకనివ్వదట. కిడ్నీ మార్పించుకున్నవాళ్లు జీవితాంతం మాత్రలు మింగేది అందుకేనట. అక్క ఒక్క మాత్రా మింగలేదు. ఆమె ఒళ్లు దాన్ని ఎందుకు బతకనిచ్చిందో చెప్పలేమన్నారు. ఎవరిదో కూడా తెలియదు. చెప్పాల్సినవాడు దొరకలేదు.

అక్క ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తోంది. నరాలకు అంటుకున్న చిన్న ముక్కను మాత్రం డాక్టర్లు ముట్టుకోలేదు. కోస్తే కాళ్లు పడిపోతాయట. పెరిగి నరాల్ని నొక్కినా పడిపోతాయట.

మొన్న మళ్లీ స్కాన్ తీశారు. ఆ ముక్క కొంచెం పెరిగింది.