అరచేతి కోత

తూత్తుకుడి రేవులో చేతితొడుగుల పెట్టె దిగిందంటే ఇన్నాసిముత్తును పిలవాల్సిందే. రేవు సరుకు విడిపించే దాసన్ ఏజెన్సీలో అతను ముప్పయ్యొక్క ఏళ్లు గుమాస్తా. ఫ్యాక్టరీ కూలీలు వేసుకునే అల్లిక తొడుగులు సుంకం పుస్తకంలో ఏ నంబరు కిందికి వస్తాయో తేల్చడం అతని పని. చెప్పడానికి ఇంతే. కానీ నూలుదైతే ఒక నంబరు, నైలానుదైతే ఇంకొకటి, అల్లిక మీద రబ్బరు పూస్తే మరొకటి. అచ్చంగా రబ్బరుదైతే అసలు అధ్యాయమే వేరు. ఇన్నాసిముత్తు మణికట్టు దగ్గర ఒక పోగు లాగి, అగ్గిపుల్ల ముట్టించి, కళ్లు మూసుకుని వాసన చూసేవాడు. కాగితం కాలిన వాసనొచ్చి బూడిద రాలితే నూలు. ముడుచుకుని పూసకడితే నైలాను. అతను తేల్చాక పరీక్షశాల కాగితం రావడం లాంఛనమే.

పై దేశాల కంపెనీలు ముందుగా పంపే శాంపిలు జతలకు ఒక ఆనవాయితీ ఉంది. అరచేతికి అడ్డంగా కత్తెర పెట్టి కోసి మరీ పంపుతారు. కోసింది అమ్మకానికి పనికిరాదు కాబట్టి దానిమీద సుంకం పడదు. పనయ్యాక అవి చెత్తబుట్టలోకే. వాటిని ఇన్నాసిముత్తు ఇంటికి తెచ్చేవాడు.

అతని భార్య మిక్కేలమ్మాళ్ ఉప్పుమడుల్లో కూలి. పెళ్లికి ముందూ అదే, తర్వాతా అదే. తెల్లారకముందే వెళ్లి ఉప్పు లాగి, గంపలకెత్తి మోసేది. ఆమె చేతుల్లో పగలని చోటు వెతుక్కోవాలి. మొగుడు తెచ్చిన తొడుగు కోతను వల దారంతో కుట్టుకుని వేసుకునేది.

"ఏందయ్యా, మీ కంపెనీవాళ్లకు నామీద అంత పగ? సరిగ్గా ఉప్పు దిగేచోటే కోసి పంపతారు" అనేది.

"కోశారు కాబట్టే మనింటికొచ్చింది. కోయకపోతే అది సరుకు."

"అయితే నేనూ కోసి పంపిన శాంపిలునేనా, నీ ఇంటికొచ్చి పడ్డాను?"

ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. అలా నవ్వుకుంటూనే ఏళ్లు గడిచిపోయాయి.

తర్వాత మిక్కేలమ్మాళ్‌కు చక్కెర జబ్బు బయటపడింది. పుండ్లు మానడం మానేశాయి. అరచేతికి ఉప్పునీళ్లు తగలనిస్తే చెయ్యే దక్కదన్నాడు డాక్టరు. ఉప్పులోకి పోకపోతే ఇల్లు గడవదు. ఒకరోజు పొద్దున తాటిబెల్లం వేసిన కరుపట్టి కాఫీ గ్లాసు మొగుడి ముందు పెట్టి అడిగింది.

"ఒక్క జత, కోయంది తెచ్చిపెట్టయ్యా. ఈ ఎండాకాలం గడిస్తే చాలు. వానలు పడితే మడులు ఎట్టాగూ మూతే."

"తెస్తాలే" అన్నాడు. ముప్పయ్యేళ్ల కాపురంలో ఆమె నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

ఆ వారమే విరుదునగర్ వ్యాపారి పళనివేల్ సరుకు దిగింది. అల్లిక తొడుగులు, అరచెయ్యంతా ఎర్ర రబ్బరు పూత. రబ్బరు సరుకేనన్నారు అందరూ. ఇన్నాసిముత్తు ఒక తొడుగు లోపలివైపు తిరగేసి సుంకం ఆఫీసరు ముందు పెట్టాడు.

"చీరకు జరీ అంచు ఉందని దాన్ని నగల కొట్టు సరుకంటామా సార్? ఒళ్లంతా అల్లికే. రబ్బరు ఒంటికి రాసిన పూత."

ఆఫీసరు ఒప్పుకున్నాడు. జరిమానా తప్పిందని పళనివేల్ సంతోషంతో ఒక జత కాగితంలో చుట్టి తెచ్చాడు. "ఇంటికి తీసుకుపోండి అన్నాచ్చి. వదినమ్మ ఉప్పులోకి పోతుందంట కదా" అన్నాడు.

ఇన్నాసిముత్తు చెయ్యి చాపాడు. అందుకున్నాడు కూడా. అంతలో ఏమనిపించిందో, బల్లమీది కత్తెర తీసి రెండు తొడుగుల అరచేతులూ అడ్డంగా కోసి సంచిలో వేసుకున్నాడు.

"అదేంది అన్నాచ్చి?"

"నంబరు చెప్పినందుకు తొడుగు పుచ్చుకుంటే, రేపు నేను చెప్పే నంబరు నాది కాదు, తొడుగుది."

నిజాయితీ అంటే అదీ అని రేవులో ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పుకునేవాళ్లలో ఉప్పులో చెయ్యి పెట్టినవాడు ఒక్కడూ లేడు.

బజార్లో కొనొచ్చు కదా అని మీరడగొచ్చు. కొనొచ్చు. బస్టాండు పక్కన గొనెపట్టా పరిచి అమ్ముతున్నారు. కానీ రోజూ చేతిలో ఆడే వస్తువును కొనాలని ఎవరికి తోస్తుంది? అతనికి తోచలేదు, అంతే. ఆ తోచకపోవడమే అతన్ని ఈనాటికీ తింటోంది.

ఆ సాయంత్రం జరిగిందంతా ఇంట్లో గర్వంగా చెప్పాడు. మిక్కేలమ్మాళ్ చివరిదాకా విని, "రెండూ కోశావా?" అంది.

"రెండూ."

"మంచిపనే చేశావులే" అని సూది కోసం లేచింది. మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

పూత మందం. సూది దిగక దిగక దిగింది, కుట్టు గట్టిగా తాడులా తేలింది. అది కుడి అరచేతిని రోజంతా ఒరిసి బొబ్బ లేపింది, బొబ్బ చిట్లింది, అందులోకి ఉప్పునీళ్లు దిగాయి. పదిరోజులకు చెయ్యి నల్లబడింది. జ్వరంతో ఆసుపత్రిలో చేర్చిన నాలుగోనాడు ఆమె పోయింది. అప్పటికి వానలు ఇంకా పడలేదు.

శవపెట్టెలు అమ్మే సవరిముత్తు దుకాణం నుంచి పెట్టె వచ్చింది. దాంతోపాటే సిలువ, కొవ్వొత్తులు, తెల్లని మేజోళ్లు, తెల్లని చేతితొడుగులు ఒక జత. కూతురు ప్రగాసి వాటిని తల్లికి తొడగబోతుంటే ఇన్నాసిముత్తు చెయ్యి చాపాడు.

"ఇట్టా ఇయ్యమ్మా."

చెయ్యి అలవాటున మణికట్టు దగ్గర పోగు లాగింది. నైలాను. తర్వాత తొడుగును వెల్లకిలా తిప్పి అరచేతిలో కోత కోసం చూశాడు. రెండోదీ తిప్పాడు. వేళ్లతో అంతా తడిమాడు. మళ్లీ మొదటిది తీశాడు.

"ఏంది నాన్నా వెతుకుతున్నావు?"

అతను ఆమె పక్కన కూర్చున్నాడు. ఎడమచేతికి తొడిగాడు. తర్వాత కట్టు కట్టిన కుడిచెయ్యిని ఒడిలోకి తీసుకుని, నొప్పి పుడుతుందేమోనన్నట్టు ఒక్కో వేలే దూర్చాడు. ఫాదరు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. పెట్టె మూయాల్సినవాళ్లు పక్కకు జరిగారు.

"చూసుకో మిక్కేలా, కోయలేదు" అన్నాడు ఇన్నాసిముత్తు.