డేట్ మాత్రలు

మా వైపు ఆడవాళ్లు నెలసరిని డేట్ అంటారు. ముట్టు అనే మాట అమ్మమ్మలతో పోయింది, బయట చేరడం అత్తగార్లతో పోతోంది, పీరియడ్స్ అంటే మరీ పచ్చిగా ఉంటుందని మేమందరం డేట్ దగ్గర ఆగాం. డేట్ వచ్చింది, డేట్ తప్పింది, డేట్ దగ్గరపడింది. పక్కన మామగారున్నా మరిదున్నా పరవాలేదు, కరెంటు బిల్లు గురించేమో అనుకుంటారు. ఇంత మర్యాదస్తురాలైన మాట నన్నేం చేసిందో చెప్పాలంటే మిరపకాయలు కల్లంలో ఎండే రోజుల నుంచి మొదలుపెట్టాలి.

అప్పటికి మా పాపకి ఏడో నెల. కాన్పు గుంటూరులో అయింది, ఆపరేషన్ చేసి తీశారు, రక్తం చాలా పోయింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ నన్నూ మా ఆయన్నీ కూర్చోబెట్టి, కనీసం రెండేళ్లు ఆగాలని, ఈలోపు మళ్లీ కడుపొస్తే ప్రమాదం పిల్లకి కాదు నాకేనని చెప్పింది. చివర్లో "జాగ్రత్తగా ఉండండి" అంది. జాగ్రత్త ఎలా ఉంటుందో, ఏ షాపులో దొరుకుతుందో ఆవిడ చెప్పలేదు, మేమూ అడగలేదు. బయట ఇంకో పదిమంది కూర్చుని ఉన్నారు. మా ఆయన బుద్ధిమంతుడిలా తలూపి లేచాడు.

జాగ్రత్త భారం ఆయనదే అయింది. మా ఊళ్లో ఉన్న ఒకే ఒక్క మందుల షాపు వాళ్ల పెదనాన్న కొడుకుది. అక్కడ నిరోధ్ కొనడమంటే రచ్చబండ మీద నిలబడి చెప్పుకోవడమే. అందుకని గుంటూరు మిర్చి యార్డుకి వెళ్లినప్పుడు తెచ్చి సూట్‌కేసు అడుగున దాచేవాడు. కోతలు ముమ్మరంగా ఉన్న రోజుల్లో అవి అయిపోయాయి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఆ రోజు మధ్యాహ్నం మా అత్తగారు కూలీలకి అన్నం తీసుకుని చేలోకి వెళ్లింది. పాప నిద్రపోతోంది. ఆయన కల్లం నుంచి స్నానానికని వచ్చాడు, ఒళ్లంతా మిరప ఘాటు. తప్పెవరిదని అడిగితే ఇద్దరిదీ అంటాను. ఆయన బలవంతమేమీ చేయలేదు. కాన్పు తర్వాత నన్ను నేను పాల డబ్బాగా తప్ప మనిషిగా అనుకోని రోజులవి, నాకూ ఆయన కావాలనిపించింది. తర్వాత ఆయన తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోతుంటే గుమ్మం దగ్గర ఆపాను.

"ఏమన్నా అయితే?" అన్నాను.

"ఒక్కసారికేమవుద్దే? పైగా నువ్వు పాలిస్తన్నావుగా" అన్నాడు.

పాలిస్తున్నా నాకు అప్పటికే రెండుసార్లు డేట్ వచ్చింది, అదీ ఒక లెక్క లేకుండా. అది ఆయనకి గుర్తులేదు. గుర్తుండాల్సిన అవసరం ఆయనకి లేదు కదా.

అలాంటప్పుడు వేసుకునే మాత్ర ఒకటుందని నాకు తెలుసు. పెళ్లయ్యాక కూడా నేను చిలకలూరిపేట దగ్గర నూలు మిల్లు ఆఫీసులో పనిచేశాను, పాపకి ఏడాది నిండాక మళ్లీ చేరాలని ఆశ. అక్కడ మధ్యాహ్నం క్యారేజీల దగ్గర ఒకావిడ గొంతు తగ్గించి చెప్పింది, మూడు రోజుల్లోపు వేసుకోవాలట అని. ఇంకా ఏదో చెప్తుండగా మేనేజరు రావడంతో అందరం పప్పు గురించి మాట్లాడుకున్నాం. ఆ పాఠంలో నాకు మిగిలింది మూడు రోజులు అన్న మాటే.

మర్నాడు ఆయన లోడుతో యార్డుకి వెళ్తుంటే ఆ మాత్ర తెమ్మని చెవిలో చెప్పాను. సరేనన్నాడు. సాయంత్రం పాపకి గిలక్కాయ తెచ్చాడు, నాకు మాత్ర తేలేదు.

"యార్డు పక్క షాపు నిండా మనోళ్లేనే. ఏమని అడగను?" అన్నాడు.

లోడు దింపడానికి వెళ్లిన రైతులంతా తలనొప్పి బిళ్ల కోసం అదే షాపుకి వస్తారు కాబట్టి అది నిజమే. గుంటూరులో ఇంకో మందుల షాపు లేదా అని అడగాల్సింది. అడిగితే గొడవవుతుందని, గొడవైతే అత్తగారు వింటుందని ఊరుకున్నాను. పాపని చంకనేసుకుని మా ఊరి షాపుకే నడిచాను.

షాపాయన నాకు వరసకి బావగారు. మా ఇళ్లల్లో బావగారి ఎదురుగా కోడళ్లు కుర్చీలో కూడా కూర్చోరు. ఆయన మంచివాడు, పెద్దమనిషి, నన్ను చూడగానే చూపు దించుకుంటాడు. ఆ చూపు దించుకోవడం కూడా ఆ రోజు నా ప్రాణం మీదకొచ్చింది.

"ఏం కావాలమ్మాయ్? పాపకి జలుబా?"

"కాదు బావగారూ. డేట్... డేట్ మాత్రలు కావాలి."

ఆయన తల ఎత్తలేదు. "ఎన్ని రోజులకియ్యమంటావు?"

నాకు తెలిసిన ఒకే ఒక్క మాట పైకొచ్చింది. "మూడు రోజులే కదండీ."

"చాలుద్దామ్మా?"

"చాలుద్దన్నారండీ."

"సరే అయితే. మూడు పూటలా వేసుకో, పరగడుపున మాత్రం వేసుకోబాక" అని పెద్ద అట్టలోంచి కత్తెరతో ముక్క కత్తిరించి, కాగితం కవర్లో పెట్టి, గల్లా మీద నావైపు జరిపాడు. మందు పేరున్న భాగం ఆయన చేతిలోనే ఉండిపోయింది.

అది శివరాత్రి వారం. కోటప్పకొండ తిరునాళ్లకి ఊరు ఊరంతా కదిలే వారం. డేట్ అడ్డొచ్చే ఆడవాళ్లందరూ దాన్ని నాలుగు రోజులు వాయిదా వేసే మాత్రల కోసం ఆ షాపుకి వస్తారు. వ్రతమైనా గృహప్రవేశమైనా పెళ్లయినా అంతే, డేట్ మాత్రలంటే మా ఊళ్లో అవే. బావగారు అవే ఇచ్చాడు. నాకు కావలసింది డేట్ తప్పకుండా, అంటే కడుపు రాకుండా వేసుకునేది. ఆయన తప్పేముంది? నేను నోరు తెరిచి ఫలానా అని చెప్పలేదు, ఆయన నోరు తెరిచి ఎందుకని అడగలేదు. ఇద్దరం అంత మర్యాదగా ఉన్నాం.

మూడు రోజులూ మూడు పూటలా నియమంగా వేసుకున్నాను. ఒక పూట మర్చిపోతే కొంప మునుగుతుందని వంటింటి గూట్లో ఉప్పు డబ్బా వెనక పెట్టుకుని మరీ వేసుకున్నాను. ఆఖరి మాత్ర మింగాక ఎంత తేలికపడ్డానో చెప్పలేను. శివరాత్రికి నా డేట్ రాలేదు. మా అత్తగారికి ఎంత సంతోషమో. "దేవుడే చూశాడమ్మా, నువ్వూ కొండకి రావచ్చు" అని నాకు కొత్త చీర తీసిపెట్టింది. బళ్ల మీద కట్టుకొచ్చిన ఎత్తైన ప్రభల దీపాల వెలుగులో పాపని ఎత్తుకుని నేనూ దేవుడికి దణ్ణం పెట్టాను, గండం గట్టెక్కించావని.

ఆ తర్వాతా డేట్ రాలేదు. మాత్ర వేసుకున్నాను కదా, దానివల్ల అటూ ఇటూ అవుతుందనుకున్నాను. పాలిచ్చేదానికి అలాగే ఉంటుందిలే అంది అత్తగారు. పొద్దున్నే వికారంగా ఉంటే మిరప ఘాటు పడట్లేదంది. ఇల్లంతా మిరపకాయల బస్తాలే కాబట్టి నేనూ నమ్మాను. మనిషి నమ్మాలనుకుంటే కారణాలకి కొదవుండదు. కాయలు కోల్డ్ స్టోరేజీకి వెళ్లిపోయి, ఇల్లు ఖాళీ అయి, ఎండలు ముదిరాక కూడా నా వికారం పోలేదు. చీర కుచ్చిళ్లు దోపుకుంటుంటే పొత్తికడుపు చేతికి గట్టిగా తగిలింది. ఆ సాయంత్రమే మా ఆయనకీ అత్తగారికీ చెప్పాను.

గుంటూరులో డాక్టరమ్మ స్కాన్ కాగితం రెండుసార్లు చదివింది. నాలుగో నెల పడింది. మాయ పాత ఆపరేషన్ కుట్టు మీదే అంటుకుని ఉంది. పెరిగేకొద్దీ కుట్టు విచ్చుకోవచ్చు, మళ్లీ అంత రక్తం పోతే బతకకపోవచ్చు అని చెప్పింది.

"జాగ్రత్తగా ఉండమన్నాను కదమ్మా" అంది.

"మాత్ర వేసుకున్నానండీ, మూడు రోజుల్లోపే. డేట్ మాత్రలని అడిగి తెచ్చుకుని మూడు పూటలా, మూడు రోజులు" అన్నాను.

ఆవిడ కలం కింద పెట్టింది. "ఆ మాత్ర అలా వేసుకోరు. అది ఒక్కటే, ఒక్కసారే. నువ్వు వేసుకున్నవి డేట్ వాయిదా వేసేవి. వాటికి కడుపు రాకుండా ఆపే గుణం లేదు."

ఆ రోజు ఆవిడ అన్నీ చెప్పింది, మొదటిసారే చెప్పాల్సినవన్నీ. జరిగాక ఎంత తొందరగా వేసుకుంటే అంత మంచిదట. మూడు రోజులన్నది ఆఖరి గడువట, అంతదాకా ఆగమని కాదు. ఆలస్యమైనకొద్దీ దాని బలం తగ్గిపోతుంది. మింగిన రెండు గంటల్లోపు వాంతైతే మళ్లీ వేసుకోవాలి. పాలిచ్చేవాళ్లూ వేసుకోవచ్చు. కాస్త తలనొప్పి, వికారం ఉండొచ్చు, డేట్ కాస్త ముందూ వెనకా కావచ్చు, కానీ వారం దాటి ఆలస్యమైతే పరీక్ష చేయించుకోవాల్సిందే. ఆ ఒక్కసారికే అది పనిచేస్తుంది, తర్వాత మళ్లీ కలిస్తే కాపాడదు, అందుకని రోజూ వాడుకోవడానికి వేరే పద్ధతి పెట్టుకోవాలి. అప్పటికే నిలిచిన కడుపుని అది తీయదు. మాత్ర వద్దనుకుంటే ఐదు రోజుల్లోపు వచ్చి కాపర్-టీ వేయించుకున్నా సరిపోయేది, అది ఇంకా గట్టిదట.

"దానికి నా చీటీ కూడా అక్కర్లేదమ్మా. ఏ షాపులోనైనా ఇస్తారు. పేరు చదువుకుని, అట్ట మొత్తం తీసుకుంటే చాలు" అంది.

అంత చిన్న సంగతికి నేను ఇక్కడిదాకా వచ్చానా అని ఏడుపొచ్చింది. సిగ్గుతో కాదు, కోపంతో ఏడ్చాను. ఎవరి మీద కోపమో తెలియని కోపం అన్నిటికంటే చెడ్డది, అది తిరిగి మన మీదకే వస్తుంది.

తీయించుకోవాలా వద్దా అన్నది నేనే చెప్పాలని, చట్టం ప్రకారం ఇంకెవరి ఒప్పుదలా అక్కర్లేదని డాక్టరమ్మ నా మొహం చూసి చెప్పింది. వరండాలో అత్తగారు చీర చెంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. "మొగపిల్లాడేమోనే" అంది. ఆవిడ చెడ్డ మనిషి కాదు, నా మొదటి కాన్పులో నెల రోజులు నిద్ర మానుకుని నన్ను సాకింది. ఆవిడ మాటకి నాలోనూ ఏదో తెగింది. చంకలో పాప నా జాకెట్టు పట్టి లాగుతోంది. నేను పోతే దీనికెవరని ఒక్కటే ఆలోచించాను. లోపలికి వెళ్లి తీసేయమన్నాను.

భయపడ్డట్టే రక్తం చాలా పోయింది. సీసాలు ఎక్కించారు. బతికాను. మెలకువ వచ్చేసరికి పక్కన మా ఆయన కూర్చుని ఉన్నాడు, కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి. నా చెయ్యి పట్టుకుని మొదట అన్న మాట ఇది: "షాపు అన్నయ్యనేం అనమాక. ఆయనకేం తెలుసు?"

ఊళ్లోకి మాత్రం రక్తం తక్కువై ఆస్పత్రిలో చేర్చామన్న కబురే వెళ్లింది. చూడ్డానికి వచ్చినవాళ్లందరూ బీట్‌రూట్ తినమన్నారు. మా తోటికోడలు, అంటే ఆ షాపు బావగారి భార్య, కుంకుడుకాయ రసంతో తలంటి పోసి మరీ వెళ్లింది. ఆవిడకైనా చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాను. డేట్ సరిగ్గా వస్తోందా అని ఆవిడే అడిగింది. వస్తోందని చెప్పాను.

మిల్లు ఉద్యోగానికి వెళ్లలేదు, అంత దూరం బస్సులో నిలబడే ఓపిక రాలేదు. ఒంట్లో కాస్త సత్తువ చేరాక ఒక్కదాన్నే చిలకలూరిపేట వెళ్లాను. ఎవరూ తెలియని షాపులో గట్టిగా, పేరు పెట్టి, గర్భం రాకుండా అత్యవసరంగా వేసుకునే మాత్ర కావాలని అడిగాను. షాపులో కుర్రది అలాగే ఇచ్చింది, పక్కవాళ్లు తల కూడా తిప్పలేదు. ఇంత సులువా అనిపించింది. పెట్టె మొత్తం తెచ్చి బీరువాలో పట్టుచీరల కింద పెట్టుకున్నాను. మళ్లీ అలాంటి రోజొస్తే గంట కూడా ఆగకూడదని.

మొన్న బీరువా సర్దుతుంటే ఆ మాత్ర పెట్టె చేతికొచ్చింది. విప్పనే లేదు, గడువు దాటిపోయింది. ఆస్పత్రి నుంచి వచ్చిన కొత్తలో ఆయన ఒకసారి అన్నాడు, "నిన్ను ముట్టుకోవాలంటే భయమేస్తందే" అని. ఆ భయం పోతుందనుకున్నాను. పాపకి నాలుగేళ్లు వస్తున్నాయి, ఆయన ఇంకా వసారాలోనే పడుకుంటాడు. ఆ మాత్రతో నాకు పనే పడలేదు.